ఆఫీసు ఫోన్‌లో సున్నా సంగతి: ప్రిఫిక్స్‌లు, కాల్ రూటింగ్ పెట్టుకోవడం ఎలా

ఆఫీసుకి కొత్త ఫోన్ సిస్టం పెట్టేటప్పుడు చాలాచోట్ల ముందు ఫోన్లు బల్లల మీద సర్దేస్తారు, ఎక్స్‌టెన్షన్ నంబర్లు తోచినట్టు ఇచ్చేస్తారు, ‘బయటికి కొట్టాలంటే ముందు 9 నొక్కండి’ అని చెప్పేసి బిల్లు చేతిలో పెడతారు. నెల తిరక్కుండా ఫిర్యాదులు మొదలవుతాయి. కొన్ని సిరీస్‌ల సెల్ నంబర్లే కలవవు. గుంటూరు బ్రాంచి వాళ్లు లోకల్ నంబర్ కొడితే విజయవాడలో ఎవరింట్లోనో మోగుతుంది. మిస్డ్ కాల్ మీద నొక్కితే తిరిగి వెళ్లదు. వీటిలో ఒక్కటి కూడా మెషీన్ లోపం కాదు, అంతా నంబర్ ప్లాన్ లోపమే.

ఈ ప్లాన్‌కి ఒకటే సూత్రం: సెల్‌ఫోన్‌లో ఎలా కొడతారో ఆఫీసు ఫోన్‌లోనూ అలాగే కొట్టాలి. అంకెలు చేర్చడం, తీసేయడం సిస్టం చూసుకోవాలి, స్టాఫ్ కాదు.

ఉదాహరణకి విజయవాడ ఆటోనగర్‌లో హెడ్డాఫీసు, గుంటూరు మిర్చి యార్డ్ దగ్గర బ్రాంచి ఉన్నాయనుకుందాం. విజయవాడలో రెండు ల్యాండ్‌లైన్లు, 0866 నంబర్లతో ఒక సిప్ ట్రంక్ (నెట్ మీద వచ్చే ఫోన్ లైన్). గుంటూరులో ఒక ల్యాండ్‌లైన్, 0863 నంబర్‌తో ఇంకో సిప్ ట్రంక్. ల్యాండ్‌లైన్లు ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే (ల్యాండ్‌లైన్‌ని నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) ద్వారా ఐపీ పీబీఎక్స్‌లోకి, అంటే ఆఫీసు కాల్స్ నడిపే సిస్టంలోకి వస్తాయి. ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్, గ్రాండ్‌స్ట్రీమ్, యీస్టార్, వీటిలో ఏది వాడినా తెరల మీద పేర్లు మారతాయి కానీ పద్ధతి ఇదే.

ముందు కాగితం మీద

మన దేశంలో ల్యాండ్‌లైన్ అయినా సెల్ అయినా, ముందున్న సున్నా తీసేస్తే నంబర్‌లో 10 అంకెలే ఉంటాయి. విజయవాడ 866, దాని వెంట 7 అంకెలు. గుంటూరు 863, దాని వెంట 7. తెనాలి 8644, వెంట 6. హైదరాబాద్ 40, వెంట 8. అన్నీ కలిపితే పదే. కాబట్టి ఎవరు ఏ రూపంలో కొట్టినా సిస్టం లోపల దాన్ని ఈ పది అంకెలకు దించండి. తర్వాత ఏ లైన్ మీద పంపుతున్నామో ఆ లైన్‌కి కావలసిన రూపంలోకి మార్చి పంపండి. ఈ రెండు పనులనూ ఒకేచోట కలిపేస్తే తర్వాత విప్పడం కష్టం.

బయటి లైన్ కోడ్‌గా 9 వద్దు. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. అలవాటు కొద్దీ ఎవరో 98తో మొదలయ్యే నంబర్ నేరుగా కొడతారు. సిస్టం ఆ 9ని లైన్ కోడ్ అనుకుని మింగేసి, మిగిలిన తొమ్మిదంకెలనే బయటికి పంపుతుంది. బయటికి 0 చాలు. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఎక్స్‌ఛేంజి) అలవాటున్నవాళ్లు ‘లైన్‌కి ఒక సున్నా, ఎస్‌టీడీకి ఇంకో సున్నా’ అని రెండు కొడతారు. మన ప్లాన్‌లో ఆ రెండూ ఒకటే: ఒక్క సున్నా, వెంట పదంకెలు. రెండు సున్నాలంటే, సెల్‌ఫోన్‌లో లాగే, విదేశం.

సున్నాసున్నా పదంకెలను కూడా ఒప్పుకుందాంలే అని మెత్తబడకండి. సింగపూర్ నంబర్ 65, వెంట 8 అంకెలు, అంటే మొత్తం పది. 0065తో కొట్టిన కాల్‌ని సిస్టం 65తో మొదలయ్యే మన సెల్ నంబర్ అనుకుని పంపేస్తుంది.

ఎక్స్‌టెన్షన్లకు విజయవాడలో 4తో మొదలయ్యే మూడంకెలు, గుంటూరులో 5తో మొదలయ్యే మూడంకెలు ఇవ్వండి. 1తో మొదలుపెట్టొద్దు, ఎందుకంటే 100, 101, 108, 112 అన్నీ అక్కడే ఉన్నాయి. 6 నుంచి 9 దాకా సెల్ నంబర్లవి. 2, 3లను బయటి నుంచి వచ్చేవాళ్లు మెనూలో నొక్కే అంకెలకు వదిలేయండి. 2 నొక్కినవాడు 2తో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్ కొడుతున్నాడేమోనని సిస్టం ఆగి చూస్తూ ఉంటే, అవతలివాడికి లైన్ చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. ఆపరేటర్‌కి 400 ఇవ్వండి. ఒక ఆఫీసులో మూడంకెలు, ఇంకోచోట నాలుగంకెలు ఇచ్చి కలపకండి, ప్రతి కాల్‌కీ కొన్ని సెకన్ల ఆలస్యం చేరుతుంది.

రూట్లు, వాటి వరుస

ఫ్రీపీబీఎక్స్‌లో అవుట్‌బౌండ్ రూట్లను (బయటికి వెళ్లే కాల్స్ దారులను) పైనుంచి కిందికి చూస్తుంది, ముందు ఏది సరిపోతే దానిలోకి వెళ్లిపోతుంది. ఆస్టరిస్క్ ఫైల్‌లో చేత్తో రాసుకునేవాళ్లకు ఒకే కాంటెక్స్ట్‌లో (నియమాల గుంపులో) వరుసతో పని లేదు, ఎక్కువ కచ్చితంగా సరిపోయే ప్యాటర్న్ (నంబర్ నమూనా) గెలుస్తుంది. అక్కడ ప్యాటర్న్ ముందు అండర్‌స్కోర్ మరిచిపోతే అది ప్యాటర్నే కాకుండా పోతుంది. ఎక్స్ అంటే ఏ అంకె అయినా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. చివర చుక్క పెడితే ‘ఇక ఎన్ని అంకెలైనా సరే’ అని అర్థం. ఆ చుక్కను ఐఎస్‌డీ రూట్‌లో తప్ప ఎక్కడా వాడకండి. సరిపోని నంబర్లు కూడా చుక్క గుండా బయటికి జారిపోతాయి.

ప్రిఫిక్స్, ప్రిపెండ్ గళ్లను తారుమారు చేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఫ్రీపీబీఎక్స్‌లో ప్రిఫిక్స్ గడిలో రాసింది సిస్టం కోసేస్తుంది, ప్రిపెండ్‌లో రాసింది చేరుస్తుంది. గ్రాండ్‌స్ట్రీమ్, యీస్టార్‌లలో కోయాల్సింది ‘స్ట్రిప్’ గడిలో, ఎన్ని అంకెలు అన్న లెక్కతో ఇవ్వాలి.

1. అత్యవసర నంబర్లు. 100, 101, 108, 112. ఇవే ముందు 0తో కూడా, సున్నా కోసేలా. కంగారులో ఎవరు ఏది కొట్టినా వెళ్లాలి, అందుకే పిన్, టైం షరతు, ఎక్స్‌టెన్షన్ పరిమితి ఏదీ దీనికి ఉండకూడదు. మొదటి లైన్‌గా ఆ ఊరి ల్యాండ్‌లైన్ పెట్టండి. గుంటూరు ఫోన్ నుంచి కొట్టిన 100 విజయవాడ లైన్ మీద బయటికి వెళ్తే కాల్ విజయవాడ పోలీసులకు చేరొచ్చు.

2. చిన్న నంబర్లు. రైల్వే 139, కరెంటు ఫిర్యాదులకు 1912, సైబర్ మోసాలకు 1930. వీటిని ఒక్కొక్కటిగా రాయండి. ‘1తో మొదలయ్యే ఏదైనా’ అని రాస్తే 1800 నంబర్లు కూడా ఇందులోనే పడతాయి.

3. 1800, 1860. వీటికి ముందు సున్నా చేర్చకండి. సిప్ ట్రంక్ మీద 1800 కలవకపోతే మీ సెట్టింగుల్లో వెతుక్కోవడం మాని ఈ రూట్‌ని ల్యాండ్‌లైన్‌కి మార్చేయండి, అక్కడితో సరి.

4. విదేశం. 00, వెంట చుక్క. మొదటి రోజు మూసేసే ఉంచండి. 00 కొట్టినవాళ్లకు ‘ఊళ్లోకైనా, సెల్‌కైనా ఒక్క సున్నా చాలు’ అని తెలుగులో రికార్డు చేసిన మాట వినిపించండి, పాత అలవాటు వారంలో పోతుంది. నిజంగా అవసరమున్న ఒకరిద్దరికి పిన్‌తో తెరవండి.

5. దేశంలోని నంబర్లన్నీ. ఇందులో మూడు ప్యాటర్న్లు పెట్టాలి. మొదటిది 0, వెంట [1-9]లో ఒక అంకె, వెంట 9 అంకెలు. ఇక్కడ 0 కోయాలి. రెండోది సున్నా లేకుండా [6-9]లో ఒక అంకె, వెంట 9 అంకెలు, కోయడానికేమీ లేదు. కంప్యూటర్‌లో నంబర్ మీద నొక్కి కాల్ చేసేవాళ్ల కోసం మూడోది: +91 లేదా 91, వెంట 10 అంకెలు. 91ని మొత్తం 12 అంకెలున్నప్పుడే కోయాలి, ఎందుకంటే 91తోనే మొదలయ్యే పదంకెల సెల్ నంబర్లు బోలెడున్నాయి.

6. ఊళ్లోని ఏడంకెలు. 0, వెంట [2-5]లో ఒక అంకె, వెంట 6 అంకెలు. 0 కోసి, విజయవాడ ఎక్స్‌టెన్షన్ల నుంచి వస్తే 866, గుంటూరు ఎక్స్‌టెన్షన్ల నుంచి వస్తే 863 చేర్చండి. ఇది రెండు వేర్వేరు రూట్లుగా ఉండాలి; ఏది ఏ బ్రాంచిదో ఎక్స్‌టెన్షన్ నంబర్‌ని బట్టి తేలుతుంది. పాత ఖాతా పుస్తకంలో ఏడంకెల నంబర్లు రాసుకున్న గుమస్తాల కోసమే ఇది. కొత్తగా పెట్టేవాళ్లు ఈ రూట్ లేకుండానే నడపడం మేలు. ల్యాండ్‌లైన్ల మధ్య కాల్స్‌కి కూడా 0, ఎస్‌టీడీ కోడ్ కలిపి కొట్టే పద్ధతికి మారాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. దేశం పోతున్న దారి అటే.

లైన్‌ని బట్టి రూపం

ఇప్పుడు సిస్టం చేతిలో పదంకెల నంబర్ ఉంది. సిప్ ట్రంక్‌కి అది ఏ రూపంలో కావాలో ప్రొవైడర్‌ని అడగండి: 0 చేర్చిన పదంకెలా, 91 చేర్చినవా, +91ఆ. ఊహించి పెట్టకండి. అలాగే అవతలివాళ్లకు కనిపించాల్సిన మీ నంబర్ ఏ రూపంలో పంపాలో కూడా అడగండి. మీకు కేటాయించని నంబర్‌ని కాలర్ ఐడీగా పంపితే చాలా ప్రొవైడర్ల దగ్గర కాల్ అక్కడే తిరస్కరణ అవుతుంది.

ల్యాండ్‌లైన్ దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద సెల్‌కి కొట్టాలంటే ముందు 0 తప్పనిసరి. కాబట్టి పదంకెలకు 0 చేర్చడం మామూలు నియమం. సొంత ఊరి నంబర్ అయితే ఊరి కోడ్ తీసేసి ఏడంకెలే పంపడం. చిక్కంతా ఇక్కడే వస్తుంది. గుంటూరులో ‘863తో మొదలైతే ఊళ్లోదే, 863 కోసెయ్’ అని రాస్తే, 8639తో మొదలయ్యే సెల్ నంబర్లన్నీ అందులో పడతాయి. మన రాష్ట్రంలో ఆ సిరీస్ సెల్ నంబర్లు వీధివీధినా ఉన్నాయి. గేట్‌వే 863 కోసేసి, 9తో మొదలయ్యే ఏడంకెలు ఎక్స్‌ఛేంజికి పంపుతుంది, ‘ఈ నంబర్ లేదు’ అన్న మాట వస్తుంది. విజయవాడలో 866కి, 8667 లాంటి సెల్ సిరీస్‌లకీ మధ్య ఇదే తంటా. కాబట్టి నియమాన్ని నాలుగో అంకె దాకా చూసేలా రాయండి: 863, వెంట [2-5]లో ఒక అంకె, వెంట 6 అంకెలు అయితేనే 863 కోయాలి. మిగతా అన్నిటికీ 0 చేర్చాలి. ఆ వరుసలోనే రాయాలి.

సున్నా చేర్చాక కూడా ‘ముందు సున్నా చేర్చండి’ అని ఎక్స్‌ఛేంజి చెబుతోందా? నియమం బాగానే ఉంది, సున్నా దారిలో పోయింది. గేట్‌వే లైన్ ఎత్తి, డయల్ టోన్ రాకముందే మొదటి అంకె పంపేస్తే ఎక్స్‌ఛేంజి దాన్ని వినదు. గేట్‌వేలో డయల్ చేసే ముందు ఒక సెకను ఆగేలా పెట్టండి. ఆస్టరిస్క్‌లో నేరుగా లైన్ కార్డు ఉంటే నంబర్ ముందు డబ్ల్యూ అక్షరం ఒక్కోటి అర సెకను ఆపుతుంది, రెండు పెడితే చాలు.

6300 వంటి నంబర్లు ఏడంకెలు కొట్టేసరికే వెళ్లిపోతున్నాయంటే పీబీఎక్స్‌ని అనుమానించకండి. ఐపీ ఫోన్‌లో, లేదా అనలాగ్ ఫోన్‌ని కలిపే ఏటీఏలో సొంత డిజిట్ మ్యాప్ (ఎన్ని అంకెలు కొట్టాక కాల్ పంపాలో చెప్పే పట్టిక) ఉంటుంది. అది ఏడంకెలకు సరిపోయిందని అక్కడే కోసి పంపేస్తుంది. ఫోన్లన్నిటిలో ఆ మ్యాప్‌ని తీసేసి, అంకెల మధ్య వ్యవధి 3, 4 సెకన్లు పెట్టండి. తొందర ఉన్నవాళ్లు చివర హాష్ నొక్కితే వెంటనే వెళ్తుంది.

ఏ లైన్ ముందు, ఏది తర్వాత

ఒకప్పుడు ఈ పనంతా ఎస్‌టీడీ బిల్లు తగ్గించుకోవడానికే. ఇప్పుడు అన్‌లిమిటెడ్ ప్లాన్లు వచ్చాక పైసల లెక్క పెద్దగా లేదు. కస్టమర్ తెరమీద ఏ నంబర్ పడుతుంది, నెట్ పోతే కాల్ ఎటు వెళ్తుంది అన్నవే చూసుకోవాలి. గుంటూరు రైతుకి 0863 కనిపిస్తే ఎత్తుతాడు.

ప్రతి బ్రాంచికీ మొదట దాని సిప్ ట్రంక్, తర్వాత దాని ల్యాండ్‌లైన్. ట్రంక్ బతికుందో లేదో ప్రతి 60 సెకన్లకీ చూసేలా పెట్టండి. అవతల లైన్ ఎంగేజ్ వస్తే మాత్రం రెండో లైన్‌కి మారకూడదు. ట్రంక్ అందనప్పుడు, చానెళ్లు (ఒకేసారి వెళ్లగల కాల్స్) నిండినప్పుడు మాత్రమే మారాలి. లేదంటే ఎంగేజ్‌లో ఉన్న నంబర్‌కే రెండో లైన్ మీద మళ్లీ కాల్ వెళ్తుంది.

విజయవాడ, గుంటూరు ఎక్స్‌టెన్షన్లు వీపీఎన్ (రెండు ఆఫీసులను నెట్ మీద కలిపే సొంత దారి) మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వేరు. గుంటూరు కాల్‌ని ఆ దారిన విజయవాడకు తెచ్చి అక్కడి పబ్లిక్ లైన్ మీద లోకల్‌గా దించడం వేరు. రెండోదాన్ని టోల్ బైపాస్ అంటారు, దానికి టెలికాం నిబంధనల షరతులున్నాయి. చేయాలనుకుంటే ముందు ప్రొవైడర్ నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి.

నెట్ పోయినా ల్యాండ్‌లైన్ ఉందన్న ధీమా రాగి తీగ ఉన్నంతకాలమే. ఇప్పుడు చాలా ‘ల్యాండ్‌లైన్లు’ ఫైబర్ మీదే వస్తున్నాయి. ఫైబర్ తెగితే రెండూ ఒకేసారి పోతాయి. కరెంటు పోతే ఓఎన్‌టీ బాక్స్ (ఫైబర్ వచ్చి కలిసే పెట్టె), స్విచ్, గేట్‌వే మూడూ యూపీఎస్ మీద ఉంటేనే పని చేస్తాయి.

లోపలికి వచ్చే కాల్స్

సిప్ ట్రంక్ మీద వచ్చే కాల్‌లో మీ నంబర్ ఏ రూపంలో వస్తోందో లాగ్‌లో చూసి, ఇన్‌బౌండ్ రూట్‌లో అచ్చంగా అదే రాయండి. 0866తో రాస్తే, అటు నుంచి 91866తో వస్తే రెండూ కలవవు, ఫోన్ మోగదు. ల్యాండ్‌లైన్‌కి ఆ నంబరే రాదు కాబట్టి గేట్‌వే పోర్ట్‌ని బట్టి రూట్ ఇవ్వాలి.

కాల్ చేసినవాళ్ల నంబర్ 91తో 12 అంకెలుగా వస్తే, లోపలికి రానిచ్చేటప్పుడే 91 కోసి 0 చేర్చండి. అప్పుడే మిస్డ్ కాల్ మీద నొక్కితే తిరిగి వెళ్తుంది. ల్యాండ్‌లైన్ మీద నంబర్ అసలు కనిపించకపోతే, ముందు ఆ లైన్‌కి కాలర్ ఐడీ సౌకర్యం ఉందో లేదో కనుక్కోండి. ఉంటే గేట్‌వేలో కాలర్ ఐడీ అందుకునే పద్ధతిగా డీటీఎంఎఫ్ పెట్టి చూడండి, కాకపోతే ఎఫ్ఎస్‌కే. మన ఎక్స్‌ఛేంజిల్లో చాలావాటిలో డీటీఎంఎఫే.

కస్టమర్ పెట్టేశాక కూడా ల్యాండ్‌లైన్ గంటల తరబడి ఎంగేజ్‌లో ఉండిపోతోందంటే, అవతల పెట్టేసిన సంగతి గేట్‌వేకి తెలియడం లేదన్నమాట. దేశం ఇండియాగా పెట్టండి. మన ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను నిశ్శబ్దం. గేట్‌వే అమెరికా టోన్ కోసం చూస్తుంటే ఎప్పటికీ పట్టుకోదు. కుదిరితే లైన్ మీద పొలారిటీ రివర్సల్ (కాల్ ముగియగానే లైన్ వోల్టేజీ తిరగబడడం) ఇమ్మని ఎక్స్‌ఛేంజిని అడగండి, అది టోన్ కంటే నమ్మకం.

మెనూ తెలుగులో, మూడు ఎంపికలకు మించకుండా, 15 సెకన్లలో ముగియాలి. ఏమీ నొక్కకపోతే మెనూని మళ్లీ చదివి విసిగించకుండా నేరుగా 400కి పంపండి. ఆఫీసు వేళల షరతు పెట్టేముందు సిస్టం గడియారం చూడండి. అది యూటీసీలో ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. మీరు పొద్దున 9.30కి తెరిచినా, మధ్యాహ్నం 3 దాకా ‘ఆఫీసు మూసి ఉంది’ అనే చెబుతుంది. సంక్రాంతి మూడు రోజులు, దసరా, ఉగాది తేదీలను సెలవుల పట్టికలో ఏడాదికోసారి మార్చాలి. ఆ పని ఎవరిదో ఇప్పుడే తేల్చండి.

తాళాలు

నెట్‌కి తెరిచి ఉన్న పీబీఎక్స్‌ని 5060 పోర్ట్ మీద దొంగలు గంటలోపే తట్టడం మొదలుపెడతారు. ఎక్స్‌టెన్షన్ 401, పాస్‌వర్డ్ కూడా 401 అయితే శనివారం రాత్రి మొదలైన విదేశీ కాల్స్ సోమవారం దాకా నడుస్తాయి, ఆ బిల్లు మీదే. పొడవైన పాస్‌వర్డ్‌లు పెట్టండి, ప్రొవైడర్ ఐపీ తప్ప బయటివాటిని ఫైర్‌వాల్‌లో ఆపేయండి, ఐఎస్‌డీని ప్రొవైడర్ దగ్గర కూడా మూయించండి. మెనూలోకి వచ్చిన బయటివాళ్లు 0 నొక్కి మళ్లీ బయటికి కొట్టలేకుండా చూడండి. గేటు దగ్గర ఫోన్‌కి లోపలి నంబర్లు, అత్యవసర నంబర్లు చాలు.

ఆఫీసు నంబర్ మీద ప్రచార కాల్స్ చేయకండి. రిజిస్టర్ చేసుకోకుండా సిప్, పీఆర్ఐ (ఒకే కనెక్షన్‌లో చాలా చానెళ్లుండే) లైన్ల మీద ప్రచార కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లన్నీ తీసేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టమని ట్రాయ్ 2024 ఆగస్టులో ఆపరేటర్లను ఆదేశించింది.

పరీక్ష

ప్రతి బ్రాంచిలో ఒక ఐపీ ఫోన్ నుంచి, ఒక అనలాగ్ ఫోన్ నుంచి ఇవి కొట్టి చూడండి: 8639తో మొదలయ్యే సెల్, 6300తో మొదలయ్యే సెల్, విజయవాడ ల్యాండ్‌లైన్, గుంటూరు ల్యాండ్‌లైన్, తెనాలి ల్యాండ్‌లైన్, 040 నంబర్, ఒక 1800 నంబర్, 139. తర్వాత సిప్ ట్రంక్‌ని పూర్తిగా ఆపేసి, వీటినే ల్యాండ్‌లైన్ మీద మళ్లీ. సిప్ మీద అన్నీ కలిసినా ల్యాండ్‌లైన్ నియమాల్లో తప్పు దాగి ఉంటుంది, అది నెట్ పోయిన రోజే బయటపడుతుంది. 112ని సరదాకి పరీక్షించకండి. సిస్టం ఏ రూట్ ఎంచుకుంటుందో కాల్ పంపకుండానే చూపించే సౌకర్యం ఉంటే దానితో చూడండి. లేకపోతే తాత్కాలికంగా మీ సెల్ నంబర్‌ని ఆ రూట్‌లో పెట్టి చూసి, వెంటనే తీసేయండి.

ఒకవైపే మాట వినిపిస్తే అది రూటింగ్ సమస్య కాదు. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (సిప్ కాల్స్‌ని రౌటర్ తనంతట మార్చే సెట్టింగ్) ఆపండి, పీబీఎక్స్‌లో బయటి ఐపీ సరిగ్గా రాశారో లేదో చూడండి. మాట తెగిపోతుంటే బ్యాండ్‌విడ్త్ లెక్క చూడండి: జీ.711 (మాటను డేటాగా మార్చే పద్ధతి) మీద ఒక్కో కాల్‌కి ఒక్కో వైపు దాదాపు 87 కేబీపీఎస్ పడుతుంది, పది కాల్స్‌కి దాదాపు 1 ఎంబీపీఎస్.

అన్నీ కలిశాక కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసి పీబీఎక్స్‌లో కాకుండా వేరేచోట పెట్టండి. ఫోన్ల పక్కన అంటించే కాగితం మీద రెండు లైన్లు చాలు: బయటికి సెల్‌ఫోన్‌లో లాగే కొట్టండి, ఆపరేటర్ 400.